రాతిని కాచిన చాలునా?

హనుమకొండలోని వేయిస్తంభముల గుడికి వచ్చిన పరదేశికి మనము మొట్టమొదట చూపునది స్తంభము. అద్దమువలె నున్నగా తీర్చిన నల్లరాతిలో అతని ముఖము అతనికే కనబడుచుండగా, ‘చూచితిరా మా పూర్వుల పనితనము!’ అని గర్వింతుము. ఆ గర్వము తప్పు కాదు. క్రీ. శ. 1163లో కాకతీయ రుద్రదేవుడు కల్యాణపుర చాళుక్యుల సామంతపదవిని విసర్జించి స్వతంత్రుడై, శివునకును వాసుదేవునకును సూర్యునకును ఒక్కచోటనే మూడు గర్భగృహములుగల త్రికూటాలయమును నిర్మించి, తన విజయములను శాసనముగా చెక్కించెను. ఓరుగంటి రాజ్యమునకు స్వాతంత్ర్యప్రకటన ఆ రాతిమీదనే యున్నది. అయినను ఆ స్తంభము దేనిపై నిలిచియున్నదో యని విచారించువారు మనలో మిక్కిలి అరుదు.

ఆ ప్రశ్నకు ఉత్తరము మన మడుగకయే దొరకినది. ఆలయమున కెదుట, నందికి ఆవలనున్న కల్యాణమంటపము కుంగి ఒరిగి ప్రమాదస్థితికి వచ్చినందున, పురావస్తుశాఖవారు ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములో దానిని రాయి రాయిగా విప్పిరి. విప్పి త్రవ్వి చూడగా అడుగున కనబడినది కొండరాయి కాదు, సున్నపుదిమ్మె కాదు, ఇసుక. మనుష్యుని నిలువులు కొన్ని లోతునకు గొయ్యి తీసి, దానిని ఇసుకతో దట్టించి, ఆ ఇసుకపై అంతటి రాతిమంటపమును ఓరుగంటి స్థపతులు ఎత్తియుండిరి.

‘ఇసుకగూడు’ అనగా నిలువనిది అని మన వాడుక. అట్టి ఇసుకపై ఎనిమిదివందల యేండ్లకు మించి రాతిమంటపము ఎట్లు నిలిచెను? ఇందులో మాయ యేమియు లేదు. గట్టిగా దట్టించి మూతి కుట్టిన ఇసుకబస్తాపై మనిషి నిర్భయముగా నిలువవచ్చును. కుట్టు ఊడిన బస్తాపై పిల్లి కూడ నిలువదు. నాలుగువైపుల అడ్డుకట్ట గలిగి, పారిపోవుటకు తావులేని ఇసుక పైబరువును అన్ని దిక్కులకు సమముగా పంచును. భూమి కదలినప్పుడు ఆ అదురును తానే మ్రింగి పైరాళ్లకు పోనీయదు. అడ్డుకట్ట చెడి ఇసుక కదలెనా, పైనున్న రాయి ఎంత గట్టిదైనను ప్రయోజనము లేదు. కాకతీయుల కట్టడములలోని బలము రాతిలో మాత్రమే కాదు, ఇసుకను కదలనీయక నిలిపిన వివేకములో కూడ నున్నది. నేడు మనము రాతిని చూచి మురియుచు ఇసుకను మరచిపోయితిమి. ఈ వ్యాసమున చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

రామప్పగుడి చెప్పు పాఠము

ఓరుగంటికి ఈశాన్యమున, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటలో రుద్రేశ్వరాలయము కలదు. గణపతిదేవ చక్రవర్తి సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో దానిని ప్రతిష్ఠించినట్లు అక్కడి శాసనము సాక్ష్యమిచ్చుచున్నది. కట్టించిన సేనానిని లోకము మరచి, చెక్కిన శిల్పిపేరనే దానిని ‘రామప్పగుడి’ యని పిలుచుట జనశ్రుతి. కట్టించినవాని పేరుకంటె చెక్కినవాని పేరు నిలిచిన దేవాలయములు దేశమున ఎన్ని యుండును?

ఆ గుడిని పరీక్షించినవారికి తెలిసిన క్రమము ఇది. అడుగున ఇసుక. దానిపై నక్షత్రాకారమున ఎత్తయిన అధిష్ఠానము. అధిష్ఠానముపై ఎఱ్ఱజీరగల ఇసుకరాతి గోడలు, నల్లరాతి స్తంభములు, చూరుల క్రింద చక్కని భంగిమలతో నిలిచిన మదనికలు. అన్నిటిపైన, శిఖరమునందు, నీటిలో వేసిన మునుగక తేలు ఇటుకలు. మట్టిలో మండిపోవు పదార్థములను కలిపి కాల్చగా అవి బూడిదయై, వాని స్థానమున సన్నని రంధ్రములు మిగిలి ఇటుక తేలికయైనదని నిపుణుల అభిప్రాయము. ఇట్లు క్రింద బరువును పంచుట, నడుమ బరువును మోయుట, పైన బరువును తగ్గించుట అను మూడు పనులకు మూడు పదార్థములను వారు ఎన్నుకొనిరి. గణపతిదేవుని గజసేనానియగు జాయపసేనాని నృత్తరత్నావళిని రచించిన కాలము కూడ ఆ శతాబ్దమే. రామప్పగుడి శిల్పములలోని నాట్యభంగిమలను చూచినవారు ఆ గ్రంథమును, ఈ గుడిని వేరుచేసి తలపలేరు.

అయితే రామప్పగుడితోపాటు రేచర్ల రుద్రుని కాలమున వెలసినది మరియొకటి కలదు. అది రామప్పచెరువు. కొండల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ జలము నేటికిని పొలములకు పారుచున్నది. యాత్రికులు గుడిని చూచి, పిమ్మట విలాసార్థము చెరువునకు పోయి పడవయెక్కుదురు. గుడి ఒక వింత, చెరువు మరియొక వింత యని వారు తలంతురు. కట్టినవారు మాత్రము అట్లు తలపలేదు. గుడి, చెరువు, ఊరు అను మూడింటిని వారు ఒక్క పనిగా చేపట్టిరి.

చెరువు లేక గుడి లేదు

ఓరుగంటి చుట్టును చూడుడు. గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి పాకాల చెరువును కట్టించెను. ఆ చక్రవర్తి సోదరియగు మైలాంబ బయ్యారము చెరువును త్రవ్వించి శాసనము వేయించెను. లక్నవరము, ఘనపురము చెరువులు ఆ వరుసలోనివే. ఘనపురములో చెరువుతోపాటు కోటగుళ్లు అను దేవాలయసముదాయము కూడ వెలసినది. రాజు ఒక్కడే కట్టించినవి కావు ఇవి. సామంతులు, సేనానులు, రాజబంధువులు, వ్యాపారులు, గ్రామపెద్దలు పోటీపడి కట్టించిరి. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటియని నమ్మిన కాలమది.

ఆ నమ్మకమునకు తోడు ఏర్పాటు కూడ ఉండెను. చెరువు కట్టించి బాగుచేయుచుండు వానికి ఆ నీటిక్రింద సాగగు భూమిలో కొంత భాగము దశబంధ మాన్యముగా దక్కుచుండెను. తూము ఎత్తి దించు నీరటికానికి మాన్యము. గుడిలో దీపము పెట్టు వానికి, నాట్యమాడు వారికి, వాద్యగాండ్రకు ఆ చెరువు క్రిందనే వృత్తులు. చెరువు నిండిననే గుడిలో దీపము వెలుగును. గుడి ఉత్సవమునకు ఊరంతయు కూడిననే కట్టపై గండి, తూములో పూడిక నలుగురి కంటబడును. ఒక చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు, అక్కడినుండి ఆపై చెరువునకు పోవునట్లు గొలుసుకట్టుగా కట్టిన విధానము ఆ తెలివికి పరాకాష్ఠ. వర్షము ఎక్కువైన నీరు ఊరిమీద పడక గొలుసువెంట పోవును. తక్కువైన భూగర్భమున ఊట నిలుచును.

ఇట్టి ఏర్పాటును చూచిన పిమ్మట, గుడిని మాత్రము కంచెవేసి కాచి, చెరువు శిఖమును ప్లాట్లు చేసి అమ్ముకొను మన పద్ధతిని ఏమనవలెను? దేహమును పడగొట్టి తలను పూజించినట్లున్నది.

సముద్రమున కావలి సాక్ష్యము

ఇది మన ఒక్క దేశపు సంగతి కాదు. గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో సముద్రవ్యాపారులకు అభయశాసనము వేయించెను. గాలివానచే ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును రాజులు లాగికొను దుష్టాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రము గైకొందునని ఆయన ధైర్యము చెప్పెను. ఆ రేవునకు వచ్చు ఓడలు తూర్పుసముద్రపు ద్వీపములనుండియు, చీనానుండియు సరకులు తెచ్చుచుండెను. ఆ సముద్రమున కావల కంబుజదేశమున, నేటి కంబోడియాలో, ఇంచుమించు ఆ కాలముననే మహారాజ్యము ఒకటి మహాదేవాలయములను కట్టుచుండెను. అంగ్కోర్ వాట్ 12వ శతాబ్దపు పూర్వార్ధమున రెండవ సూర్యవర్మ కట్టించినది. తా ప్రోమ్ 1186లో ఏడవ జయవర్మ ప్రతిష్ఠించినది. గణపతిదేవుడు 1199లో సింహాసన మెక్కునాటికి ఏడవ జయవర్మ అంగ్కోర్‌లో ఇంకను రాజ్యము చేయుచుండెను.

భారతీయులు పోయి అక్కడ కట్టిరని చెప్పుకొని మురియుట మనకు అలవాటు. ఆ గుళ్లలోని దేవతలు, రామాయణ భారత కథలు మనకు తెలిసినవే. కాని ఆ గుళ్లను కట్టినవారు ఖ్మేరులు. ఆ బుద్ధి వారిది, ఆ శ్రమ వారిది. మనము వారినుండి నేర్వదగిన పాఠము వేరొకటి యున్నది.

అంగ్కోర్ గుళ్లు కూడ ఇసుకతో దట్టించిన నేలపై నిలిచినవే. వాని చుట్టును అగడ్తలు, ప్రక్కన బరాయ్ అను మహాతటాకములు. పడమటి బరాయ్ పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లకు పైమాట. అగడ్తలోని నీరు అలంకారము మాత్రమే కాదు. నేలలోని ఊటమట్టము ఏడాదిపొడుగున హెచ్చుతగ్గులు లేక నిలుచుట ఆ ఇసుకకు ప్రాణము. ఊట మిక్కిలి దిగినను, మిక్కిలి పొంగినను పునాది కదలును. కంబుజరాజ్య పతనమునకు కారణములను వెదకిన పండితులు వృక్షముల వలయములను లెక్కించి, 14, 15వ శతాబ్దములలో దీర్ఘమైన అనావృష్టులును, నడుమ అతివృష్టులును వచ్చి అక్కడి కాలువలను, కట్టలను చెడగొట్టినవని కనుగొనిరి. శత్రువుల దండయాత్ర ఒక కారణమే. నీటి ఏర్పాటు తెగుట మరియొక కారణము. నగరమును జనులు విడిచిపోయిరి. రాయి మిగిలెను.

అంగ్కోర్ 1992లో ప్రపంచ వారసత్వపు జాబితాకు ఎక్కినది. అదే సంవత్సరము ప్రమాదస్థితిలోనున్న స్థలముల పట్టికలో కూడ చేర్చబడి, 2004 వరకు ఆ పట్టికలోనే యుండెను. అంతర్యుద్ధమునుండి అప్పుడే తేరుకొనుచున్న ఆ చిన్న దేశము 1995లో అప్సర అను అధికారసంస్థను స్థాపించి, గుళ్లతోపాటు అగడ్తలను, తటాకములను, కాలువలను, అడవిని ఆ సంస్థకే అప్పగించెను. ప్రక్కనున్న సియెం రీప్ పట్టణములో యాత్రికులు పెరిగి, వసతిగృహములు పుట్టి, బోరుబావులు భూగర్భజలమును తోడసాగినప్పుడు, గుళ్ల పునాదుల కేమగునో యను ప్రశ్నను నిపుణులు బహిరంగముగా లేవనెత్తిరి. వరదలు వచ్చి పట్టణము మునిగిన పిమ్మట, పూడిపోయిన ప్రాచీన కాలువలను, తటాకములను మరల త్రవ్వి నీటితో నింపుటకు పూనుకొనిరి. ఎనిమిదివందల యేండ్లనాటి నీటిపనియే నేటి పట్టణమును వరదనుండి కాచునని వారు గ్రహించిరి.

ఆ దేశమున అంతయు సవ్యముగా నున్నదని చెప్పుట లేదు. రక్షిత ప్రదేశమున తరతరములుగా బ్రతుకు గ్రామస్థులను వేరొకచోటికి తరలించుటను గూర్చి లోకమున విమర్శలు వచ్చినవి. ఆ విమర్శలు మనకును హెచ్చరికయే. కాని, కట్టడమును నీటినుండి వేరుచేసి కాపాడలేమను సత్యమును వారు చట్టములోనికి తెచ్చుకొనిరి. మన పురావస్తుశాఖవారు 1986 నుండి 1993 వరకు అంగ్కోర్ వాట్‌లోను, 2004 నుండి తా ప్రోమ్‌లోను మరమ్మతులు చేసిరి. సముద్రము దాటి పోయి పరుల గుళ్లను బాగుచేసిన మన శాఖ, అక్కడి నీటిపాఠమును ఓరుగంటికి తెచ్చెనా యని అడుగుటకు మనకు హక్కు కలదు.

చట్టమున్నది, చెరువు లేదు

మన దేశమున చట్టములకు కొరత లేదు. రాజ్యాంగమునందలి 49వ అధికరణము జాతీయప్రాముఖ్యముగల కట్టడములను కాచుట ప్రభుత్వధర్మమని శాసించుచున్నది. 1976లో చేర్చిన ప్రాథమికవిధులలో మన సంస్కృతీసంపదను కాపాడుట ప్రతిపౌరుని విధిగా చెప్పబడినది. 1958 నాటి ప్రాచీనకట్టడముల చట్టమును 2010లో సవరించి, రక్షితకట్టడమునకు 100 మీటర్లలోపల కొత్త కట్టడము కూడదనియు, ఆపైన 200 మీటర్లవరకు అనుమతితోనే కట్టవలెననియు నిర్ణయించిరి. తెలంగాణ రాష్ట్రము 2017లో తన వారసత్వ చట్టమును చేసికొనెను. 2021 జూలై 25న యునెస్కోవారు రామప్పగుడిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చిరి. ఆనాడు ఓరుగంటి వీథులలో మిఠాయిలు పంచుకొన్నవారిలో మనమును ఉంటిమి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఈ కాపుదల మనతోనే మొదలు కాలేదు. నిజాము ప్రభుత్వము 1914లో పురావస్తుశాఖను నెలకొల్పెను. దాని అధిపతియగు గులాం యజ్దానీ పాలంపేట దేవాలయములను పరిశోధించి 1922లో గ్రంథము ప్రకటించెను. ఆ పాలనతో మన జాతీయవాదులకు ఎన్ని తగవులున్నను, మంచిపని మంచిపనియే. ఆనాడు ఆ పండితుడు శ్రద్ధతో కొలిచి వ్రాసినదానిని మనము ఈనాడు శ్రద్ధతో కాచితిమా యన్నదే ప్రశ్న.

వేయిస్తంభముల గుడి కల్యాణమంటపము మరల లేచుటకు ఒకటిన్నర దశాబ్దమునకు మించి పట్టినది. 2024 మార్చిలో శివరాత్రినాడు అది మరల తెరవబడినది. ఆలస్యమును నిందింపవచ్చును, కాని ప్రాచీనవిధానముననే ఇసుకపునాది వేసి, పాతరాళ్లను వాని వాని స్థానములలో నిలుపుట సామాన్యకార్యము కాదు. ఆ శిల్పులకును ఇంజనీరులకును నమస్కారము. అయితే మంటపము విప్పినంతకాలము ఆ ఊరిలో పెరిగిన పిల్లలు దానిని రాళ్లకుప్పగానే చూచి పెద్దవారైరి. కుంగినపిమ్మట విప్పికట్టుటకు ఎంత కాలము, ఎంత ధనము పట్టునో తెలిసినదిగదా! కుంగకుండ చూచుకొనుట చౌక. చినుకు పడిన నీరు ఆలయప్రాంగణమునుండి పారిపోవుటకు దారి ఉన్నదా, చుట్టుప్రక్కల బోరుబావులు ఎంతలోతునకు దిగినవి, మురుగుకాలువ ఎటు పారుచున్నది అని ఏటేట చూచుటకు కోట్లు అక్కరలేదు. రామప్పగుడి పరిసరములలో నీటిసొరంగమునకై బండలను పేల్చినప్పుడు, ఆ అదురు ఆలయమున కేమి చేయునోయని ప్రజలును ఇంజనీరులును ఆక్షేపించుట మనకు జ్ఞాపకమే. ఆ ఆక్షేపణ ఛాందసము కాదు. బస్తా కుట్టు విప్పవద్దని చెప్పుటయే.

ఇక ఓరుగంటికోట. గణపతిదేవుడు లేపి, రుద్రమదేవి బలపరచిన రాతిగోడ; దాని వెలుపల అగడ్త; ఆవల మట్టికోట. 1310లో ఢిల్లీసేనలు చుట్టుముట్టినప్పుడు ఆ మట్టిగోడ గట్టిదనమును శత్రుపక్షపు కవియగు అమీర్ ఖుస్రోయే మెచ్చుకొని వ్రాసెను. 1323లో కోట పడినది, స్వయంభూదేవాలయము నేలమట్టమైనది, దాని నాలుగుదిక్కుల తోరణములు మాత్రము నిలిచినవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము ఆ తోరణమునే తన చిహ్నమున చేర్చుకొనెను. ఈనాడు ఆ కోటలోపల గ్రామమున్నది, పొలములున్నవి, సంసారములున్నవి. తరతరములుగా అచ్చటనే పుట్టి పెరిగినవారు ఇంటి కప్పు మార్చుకొనుటకు అనుమతికై తిరుగవలెను. ధనికుడు మాత్రము ఎట్లో మేడ లేపుకొనును. చట్టము బీదవాని చూరునకు అడ్డుపడి, ధనికుని మేడకు కన్నుమూసినచో, ప్రజలు చట్టమును కాదు, రాతిని ద్వేషింపసాగుదురు. కోటలోని కుటుంబములను కోటకు శత్రువులుగా కాక కావలివారుగా చేసికొనవలెను. మరమ్మతుల అనుమతి సులభముగా, వేగముగా, ఊరిలోనే దొరకవలెను. యాత్రికులనుండి వచ్చు ఆదాయములో వారికి పాలు ఉండవలెను.

వరద చెప్పిన తీర్పు

చెరువులమాట ఏల ఇంతగా చెప్పుచున్నారని పట్టణవాసులు అడుగవచ్చును. 2020 ఆగస్టులో వరంగల్లు నగరమున వీథులు ఏరులై, ఇండ్లలోనికి నీరు వచ్చినప్పుడు దానికి ఉత్తరము దొరకినది. నాలాలపై కట్టిన ఇండ్లను తొలగింపుడని అప్పుడు ఆజ్ఞలు వెలువడెను. మూడేండ్లు గడచెను. 2023 జూలైలో ఆ ఉత్తరమే మరింత గట్టిగా వినబడినది. రామప్పగుడి యున్న వెంకటాపురము మండలమునందలి లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. అంతటి వాన తెలంగాణమున అంతకుముందు ఎన్నడును నమోదు కాలేదు. నగరము మరల మునిగినది. భద్రకాళి చెరువుకట్టకు గండి పడినది. ఆ ప్రళయములో రామప్పగుడి నిలిచినది. ఎనిమిది శతాబ్దముల క్రిందటి కట్టడము నిలిచి, నిన్నమొన్న లేచిన కాలనీలు మునుగుటలోని అర్థమేమి? కాకతీయులు నీటిదారి విడిచి కట్టిరి; మనము నీటిదారిలో కట్టితిమి.

2015లో మిషన్ కాకతీయ యను పేర నలువదియారువేలకు పైగా చెరువులను పునరుద్ధరింపవలెనని ప్రభుత్వము సంకల్పించెను. కాకతీయుల పేరు చెరువులపనికి పెట్టుట సముచితమే. పలుచోట్ల పూడిక తీసిరి, ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. కాని పూడిక తీసిన చెరువునకు నీరు చేర్చు వాగును మూసినచో, మత్తడి దిగువకాలువపై దుకాణములు లేపినచో, పూడిక తీసి ఏమి ఫలము? గొలుసులో ఒక్క కొలికి తెగినను గొలుసు గొలుసు కాదు.

చేయవలసినది

భూవసతి గలవారితో మొదట ఒక మాట. మీ తాతలలో చెరువుకట్టకు మట్టిమోయించినవారు, దశబంధ మాన్యము అనుభవించినవారు ఉండియుందురు. శిఖము భూమి మీ పట్టాలో ఎట్లు చేరినదో మీకు తెలియును. న్యాయస్థానము అడుగకముందే, వరద వచ్చి అడుగకముందే దానిని చెరువునకు విడువుడు. అది దానము కాదు, అప్పు తీర్చుట. మీ పొలముగట్టున విరిగిన శాసనరాయి, తలలేని నంది, వీరగల్లు పడియున్నచో దానిని ఇంటిమెట్టుగాను, బట్టలుతుకు బండగాను వాడక, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. ఓరుగంటి చరిత్రలో ఎన్నియో సంగతులు మనకు తెలియుట అట్టి రాళ్లవలననే.

పట్టణవాసులతో రెండవ మాట. గుడికి 100 మీటర్లలోపల స్థలము చౌకగా వచ్చుచున్నదనగానే కొనవలదు. ఎందులకు చౌకయో విచారింపుడు. నాలాపై కట్టిన యింటికి పన్ను రశీదు ఉన్నంతమాత్రమున నీరు దారి మార్చుకొనదు. పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలను రామప్పగుడికి తీసికొనిపోయినప్పుడు మదనికలను చూపిన పిమ్మట చెరువు తూమును, మత్తడిని కూడ చూపవలెను. ‘ఇది గుడిలో సగము’ అని చెప్పవలెను.

ప్రభుత్వముతో మూడవ మాట. గుడి ఒక శాఖ క్రింద, చెరువు వేరొక శాఖ క్రింద, ఊరు నగరపాలకసంస్థ క్రింద, అడవి మరియొక శాఖ క్రింద ఉన్నంతకాలము, ఒకరు కట్టినదానిని మరియొకరు తవ్వుచునే యుందురు. ఓరుగల్లు, హనుమకొండ, పాలంపేట, ఘనపురము ప్రాంతములలోని కట్టడములను, వాని గొలుసుకట్టు చెరువులను ఒక్క పటముమీద గీసి, ఆ పటమును ప్రజలయెదుట ఉంచుడు. ప్రతిగుడికి ఊటమట్టము ఎంతయున్నదో కొలిచి ఏటేట ప్రకటింపుడు. ఆ కొలత తగ్గినప్పుడు అడుగుటకు ప్రజలు ఉందురు.

ఇదంతయు ప్రాచీనవ్యామోహమని ఎవరైన పెదవి విరువవచ్చును. రాళ్లు అన్నము పెట్టునా యని అడుగువారు కూడ కలరు. పాకాల ఆయకట్టులో నేటికిని నాట్లు వేయుచున్న రైతును అడుగుడు. ఆ రాళ్లను నిలిపినవారే అన్నము పెట్టిరని చెప్పును. వారికి అందము వేరు, అన్నము వేరు కాదు. ఒక్కచేతితో మదనికను చెక్కించి, మరియొకచేతితో తూమును పెట్టించిరి. ఆ రెండుచేతులలో ఒకదానిని మాత్రమే మనము గౌరవించుచున్నాము.

రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి, కోట కూలినది, ఇసుక మాత్రము తనపై పెట్టిన భారమును ఎనిమిది శతాబ్దములుగా మారుమాటలేక మోయుచున్నది. దానిని కదలింపకుండుటయే మనకు వచ్చిన వారసత్వము. మరల వేయిస్తంభముల గుడికి పోయినప్పుడు స్తంభములో మన ముఖము చూచుకొని మురియుటకు ముందు ఒక్కమారు వంగి, ఆ నేలను చేతితో తాకి చూతము. అక్కడ తడి ఉన్నదా?